హుస్సేనమ్మ వడ్డన

"హుస్సేనమ్మ మూట కట్టుకుంటోంది బాబా. ఇక ఇక్కడ వండదట. చెల్లెలి ఊరికి పోతుందట," అన్నాడు జిలానీ. గొంతులో బాధ ఉంది, కాస్త కోపమూ ఉంది.

కోపం రాదా మరి! కొండ కింది దర్గాలో దారినపోయే వాళ్ళకు ఏళ్ళ తరబడి వండిపెట్టిన మనిషి ఆమె. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోతే, శిష్యుడు జిలానీయే దగ్గరుండి వంటిల్లు మార్పించాడు. కూర్చున్న మనిషికి అందేంత ఎత్తులో పొయ్యి. మోచేతి దగ్గరే కుళాయి. ఉప్పు, కారం, పప్పు, ఏదీ తలెత్తి వెతకక్కర్లేదు. నేల నున్నగా చేయించి, అటూ ఇటూ తిరగడానికి చక్రాల పీట కూడా చేయించాడు. ఎంత ప్రేమ ఉంటే అన్ని గుర్తుంటాయి!

"ఏం తక్కువైందమ్మా?" అని జిలానీ అడిగితే ఆమె నవ్విందట.

"ఏమీ తక్కువ కాలేదు నాయనా. గోరీ కూడా ఇంత చక్కగా కట్టరు."

దర్గా గురువు నబీబాబా భోజనాల వేళకు వంటింట్లోకి వెళ్ళి, తానే ఆ పీట మీద కూర్చున్నారు. అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చేత్తో నేలను నెట్టుకుంటూ వసారా వైపు బయల్దేరారు. అక్కడ జనం విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు.

ద్వారం దగ్గర పీట టక్కున ఆగిపోయింది. జానెడు ఎత్తు రాతి గడప.

"ఇలా ఇవ్వండి బాబా, నేను వడ్డిస్తాను," అంటూ జిలానీ పరుగెత్తుకొచ్చాడు.

బాబా గిన్నె వదల్లేదు. "ఆమెతోనూ ఇదే అన్నావా?"

"రోజూ అదే అంటున్నాను. ఆమెకు శ్రమ ఎందుకని..."

మూట పక్కన కూర్చున్న హుస్సేనమ్మ మెల్లగా అంది. "తినేవాళ్ళ మొహం చూసి ఎన్నాళ్ళయిందో బాబా. ఇంకొంచెం వేసుకో అని ఎవర్ని అడగను? ఈ గోడనా?"

బాబా శిష్యుడి వైపు తిరిగారు. "ఇన్ని మార్చావు. గడప ఎందుకు ఉంచావు?"

జిలానీ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అది మీ గురువుగారు తన చేత్తో వేసిన గడప! అందరం తాకి కళ్ళకద్దుకునేది!"

"పాములు లోపలికి రాకూడదని వేశారాయన," అన్నారు బాబా. "అన్నం బయటికి పోకూడదని కాదు."

జిలానీ వంగి, గడపను తాకి కళ్ళకద్దుకున్నాడు.

లేచి గునపం కోసం వెళ్ళాడు.