మొహం చూసి చెప్పిన జబ్బు

పెంచలయ్యకు ఒకటే దిగులు. దస్తగిరి సాయిబు దగ్గర ఎనిమిదేళ్ళుగా హకీము వైద్యం నేర్చుకుంటున్నాడు. వేర్లు దంచాడు, లేహ్యాలు కలిపాడు, నాడి పట్టడం నేర్చాడు. అయినా కలిగిరిలో సొంతంగా కొట్టు పెట్టుకుంటానంటే గురువు ఊఁ అనడు. అడిగినప్పుడల్లా "ఇంకొన్నాళ్ళు పోనీ అబ్బయా" అంటాడు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో చెప్పడు.

అట్లాగని పెంచలయ్య పనికిమాలినవాడేం కాడు. పనికిమాలినవాడైతే ఈ కథ చెప్పుకునే పనే లేదు. అతని కన్ను అట్లాంటిది. వీధి చివర నడిచొచ్చే మనిషిని చూసి పచ్చకామెర్లు అనేవాడు, నిజంగానే అయ్యేవి. తల్లి చంకలో బిడ్డని చూసి ఒంట్లో రక్తం తక్కువుందనేవాడు, అదీ నిజమే. ఉదయగిరి కొండ చుట్టుపక్కల పల్లెల్లో అతనికి 'మొహం చదివే పెంచలయ్య' అని పేరు పడిపోయింది. ఎవరైనా బాధ చెప్పుకోబోతే చేత్తో ఆపి, వాళ్ళ బాధ తనే చెప్పేవాడు. జనానికి అదొక వేడుక. నోరు విప్పకుండానే కనిపెట్టేశాడే అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. పొగడ్త ఎవరికి చేదు? పెంచలయ్యకీ తియ్యగానే ఉండేది.

సాయిబు తీరు వేరు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, నిన్న ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరెవరుంటారు అని నిదానంగా అడుగుతాడు. ఒక్కో మనిషికి అరగంట. వరండాలో కాచుకున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. పెంచలయ్య కూడా లోలోపల విసుక్కునేవాడు, దాచేదేముంది.

ఒక మార్గశిరంలో సాయిబు మూలికలకని కొండెక్కాడు. మూడు రోజులు రానన్నాడు. కొట్టు పెంచలయ్యకి అప్పగించాడు. ఇక చూడండి మనవాడి సంబరం. గురువు కూర్చునే చాప మీద కూర్చుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టు చూసి పంపించేస్తున్నాడు. పొద్దు నెత్తికెక్కేసరికి వరండా ఖాళీ అయిపోయేది.

రెండో రోజు వెంగమ్మ వచ్చింది. పక్క ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. మొగుడు పోయినప్పటినుంచి, అంటే పదిహేనేళ్ళుగా, ఆమెకి ఆ హాస్టలే ఇల్లు. వంటగది వెనక గదిలో పడుకునేది. పాపం, కొన్ని నెలలుగా ఆమె మొహం ఉన్నట్టుండి ఎర్రగా జేవురిస్తోంది. పిల్లల్ని చూడొచ్చిన తల్లిదండ్రులు ఏదేదో చెవులు కొరుక్కున్నారు. ఆ మాట వార్డెనమ్మ దాకా పోయింది. ఆమె వెంగమ్మని పిలిచి, ఇదేదో వైద్యుడికి చూపించుకుని రా, ఆయనేమంటాడో అది చూసి మాట్లాడదాం అనింది. అందుకని వచ్చింది. ఆమె కూడూ గూడూ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి.

వరండాలో పదిమంది దాకా ఉన్నారు. వెంగమ్మ గడప దగ్గర నిలబడి "అయ్యా" అనింది. సరిగ్గా అప్పుడే మెడ కిందనుంచి ఎరుపు పాకి మొహమంతా కమ్మేసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నుదుటి మీద చెమట పట్టింది. చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే ఈమెకి చెమటేందని కూడా పెంచలయ్య అనుకోలేదు. అలవాటు ప్రకారం చెయ్యెత్తి ఆపేశాడు.

"చెప్పే పన్లేదు. సారా మానెయ్యి, మొహం అదే బాగవుద్ది."

వరండా అంతా ఘొల్లుమనింది. వెంగమ్మ మొహం ఇంకా ఎర్రబడింది. చూశావా, నిజం చెప్పేసరికి ఎట్లా కందిపోయిందో అన్నాడు ఒకడు. సిగ్గుకి ఎర్రబడినా, జబ్బుకి ఎర్రబడినా చూసేవాడికి ఎరుపు ఎరుపే గదా. ఆమె ఏదో అనబోయింది. అప్పటికే పెంచలయ్య చూపు ఆమె వెనకున్న మనిషి మీదికి పోయింది. వెంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడో నాటి సాయంత్రం సాయిబు మూలికల మూట నెత్తిన పెట్టుకుని దిగొచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకముందే వరండాలో ఒకతను, మీ శిష్యుడు మిమ్మల్ని మించిపోయాడు సాయిబూ, తాగుబోతు మనిషిని గడపలోనే పట్టేశాడు అని సంగతంతా చెప్పాడు. పెంచలయ్య తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. ఇంకేముంది, గురువు ఈసారి కలిగిరికి పొమ్మంటాడని ఆశ.

సాయిబు మూట దించి అడిగాడు. "ఆమెని ఏం అడిగావు?"

"అడిగేదేముందయ్యా, మొహమే చెబుతుంటే."

నాడి పట్టి చూశావా అంటే లేదన్నాడు. పోనీ, దగ్గరికి పోయి సారా వాసన ఉందో లేదో అయినా చూశావా అంటే అదీ లేదన్నాడు. సాయిబు కాళ్ళు కడుక్కుని నమాజు చేసుకున్నాడు. లేచి లోపలికి పోయి, వాళ్ళ నాయన కాలంనాటి ట్రంకు పెట్టె తెరిచి, పచ్చరంగు ముతక పరదా ఒకటి బయటికి తీశాడు. ఒక మూల చెద కొట్టేసింది. ఆ కాలంలో ఘోషా స్త్రీలు దాని వెనక కూర్చుని చెయ్యి మాత్రం హకీము ముందుకి చాపేవాళ్ళు. సాయిబు దాన్ని దులిపి, కొట్టు మధ్యన తాడు లాగి కట్టాడు.

"రేపటినుంచి నువ్వు ఈ పక్క. వచ్చేవాళ్ళు, ఆడైనా మగైనా, ఆ పక్క. చెయ్యొక్కటే నీ దగ్గరికి వస్తుంది."

ఎన్నాళ్ళని అడిగాడు పెంచలయ్య. చూద్దామన్నాడు సాయిబు.

మొదటి వారం పెంచలయ్య పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పరదా కిందనుంచి ఒక చెయ్యి వస్తుంది. అది ఎవరిదో తెలీదు, పాలిపోయారో పచ్చబడ్డారో తెలీదు. కన్ను పోతే నోటికి పనొచ్చింది. అడగడం మొదలుపెట్టాడు. వాళ్ళు చెప్పే దాంట్లో సగం సోది. ఆ సోదిలోనే ఎక్కడో జబ్బు ఉండేది. అది వచ్చేదాకా వినక తప్పదు.

ఒకాయన మొహం భగ్గున మండుతోందన్నాడు. ఇదివరకైతే కోపిష్టి మనిషని చెప్పి పంపేవాడే. అడగ్గా అడగ్గా, బీపీకి కొత్త మాత్ర మొదలుపెట్టిన నాటినుంచే ఆ మంటని బయటపడింది. మాత్ర నీ అంతట నువ్వు ఆపబాకు, రాసిచ్చిన డాక్టరు దగ్గరికే పోయి చెప్పమన్నాడు. ఒక బడిపంతులుకి వేడివేడి టీ తాగినా, ఎండలోకి పోయినా బుగ్గలూ ముక్కూ ఎర్రబడి సన్నటి పొక్కులు వస్తాయట. అది చర్మం తత్వం. ఒక పడుచుపిల్లకి చెయ్యి వణుకుతోంది, గుండె దడ, ఎంత తిన్నా చిక్కిపోతోంది, మొహంలో ఎప్పుడూ వేడే. సాయిబు ఆ పిల్లని నెల్లూరు పోయి థైరాయిడుకి రక్తం చూపించుకోమన్నాడు.

సంక్రాంతి ముందు ఒక పూజారిగారి భార్య వచ్చింది. ఉల్లిపాయ కూడా ఎరగని ఇల్లు. గుండెల మీదనుంచి ఆవిర్లు లేచి మెడకీ మొహానికీ ఎక్కుతాయని, రెండు నిమిషాలు మొహమంతా నిప్పులాగా ఎర్రబడి, తర్వాత చెమటతో రవికె తడిసి చలి పుడుతుందని చెప్పింది. నెలసరి ఆగిపోయి ఏడాదయిందట. ఆమె పోయాక, ఇదేం జబ్బయ్యా అని పెంచలయ్య గురువుని అడిగాడు.

"జబ్బు కాదబ్బయా, వయసు. ముట్టు ఆగేటప్పుడు ఆడవాళ్ళ ఒంట్లో ఊరే రసాలు తగ్గుతాయి. ఒంటికి చలేదో వేడేదో తెలీక తికమక పడుద్ది. ఎంతోమందికి వస్తది."

కల్వంలో మందు నూరుతున్న పెంచలయ్య చెయ్యి ఆగిపోయింది. చలిలో చెమట పట్టిన ఆ నుదురు ఇప్పుడు కళ్ళముందుకొచ్చింది.

తెల్లారి మొదటి బస్సుకి హాస్టలుకి పోయాడు. వార్డెనమ్మ మర్యాదగానే కూర్చోమనింది. తప్పు నాది, ఆమె తాగే మనిషి కాదు, నేను చూడకుండా నోరు జారానని చెప్పుకున్నాడు.

"తాగుద్దని చెప్పిందీ నువ్వే, తాగదని చెప్పేదీ నువ్వేనా? ఏ మాట నమ్మమంటావు నాయనా మమ్మల్ని?"

వరండాలో నవ్విన మాట హాస్టలుదాకా పాకి, వెంగమ్మని ఆ వారంలోనే పంపించేశారట. కొత్త వంటమనిషి వచ్చేసింది. ఎక్కడికి పోయిందని అడిగితే, ఎవరో అక్క ఉందని అంటుండేది, ఏ ఊరో మేమెప్పుడూ అడగలేదని చెప్పింది వార్డెనమ్మ.

తిరిగొచ్చి గురువు ముందు కూర్చుని ఏడ్చాడు. సాయిబు అంతా విని, ఊళ్ళమ్మట తిరిగి గాజులమ్మే మనిషిని పిలిచి, వెంగమ్మ అనే ఆమె ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి వచ్చి పొమ్మన్నానని చెప్పమన్నాడు. పెంచలయ్య రోజూ ఆ గాజులతని కోసం చూసేవాడు. చూసి చూసి, ఉగాది కూడా దాటాక ఇక ఆశ వదులుకున్నాడు.

పరదా మాత్రం అట్లాగే ఉంది. కలిగిరి మాట అతను మళ్ళీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం, వరండా పలచబడ్డాక, పరదా కిందనుంచి ఒక చెయ్యి వచ్చింది. గిన్నెలు పట్టి పట్టి వేళ్ళు కాయలు కాశాయి. మణికట్టు దగ్గర నూనె చిట్లిన పాత మచ్చలు. ఏ ఇల్లాలి చెయ్యైనా అట్లాగే ఉంటుంది. పెంచలయ్య నాడి మీద మూడు వేళ్ళు ఆనించి, "చెప్పమ్మా, ఏంది బాధ?" అన్నాడు.

మొహానికి ఆవిర్లు అనింది ఆమె. మెత్తటి గొంతు, కొంచెం బెదురు. పెంచలయ్య తొందరపడలేదు. ఎప్పటినుంచి వస్తున్నాయి, రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపుంటాయి, తర్వాత చెమట పడుతుందా అని ఒక్కొక్కటే అడిగాడు. నెలసరి సంగతి మొహమాటపడకుండా చెప్పమన్నాడు. ఏమన్నా మాత్రలు మింగుతున్నావా, గుండె దడ ఉందా, చిక్కిపోయావా, ఆవిర్లతోపాటు విరేచనాలుగానీ ఆయాసంగానీ వస్తున్నాయా అనీ అడిగాడు. ఆమె అన్నిటికీ చెప్పింది. మధ్యలో పొయ్యి గురించి, నిద్రలేని రాత్రుల గురించి కూడా చెప్పింది. అదంతా విన్నాడు.

అన్నీ విన్నాక, ఇది నీ ఈడువాళ్ళకి వచ్చేదేనమ్మా, భయపడబాకు అన్నాడు. అయినా నా మాటే పట్టుకోకుండా పెద్దాసుపత్రిలో ఒకసారి రక్తం చూపించుకో, ఆయాసమో విరేచనాలో తోడైతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగబాకు అన్నాడు. కారం తగ్గించమన్నాడు, నూలు బట్టలు కట్టమన్నాడు, చలవ చేసే పొడి పొట్లం కట్టాడు. ఎనిమిదేళ్ళలో అంత బాగా ఎవరినీ చూసి ఉండడు. పొట్లం ఆ చేతిలో పెడుతూ ఒక మాట అడిగాడు.

"ఇంత బాధ పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోలేదా తల్లీ?"

చెయ్యి కొంచెం బిగుసుకుంది.

"చూపించుకున్నా నాయనా. ఇక్కడే."

పెంచలయ్య దిగ్గున లేచాడు. ఇంతసేపు మాట్లాడినా గొంతు గుర్తుపట్టలేదు. ఎట్లా గుర్తుపడతాడు? ఆ రోజు ఆమెని ఒక్క మాటకి మించి మాట్లాడనిస్తే గదా. వెళ్ళి ఆ కాళ్ళ మీద పడదామని పరదా మీద చెయ్యి వేశాడు.

మూలన కల్వం దగ్గర కూర్చున్న సాయిబు తలెత్తాడు.

"తియ్యబాకు. మొహం ముందే చూశావు గదా. కూర్చుని విను."

పెంచలయ్య కూర్చున్నాడు. తప్పయిపోయిందని, హాస్టలుకి కూడా పోయి చెప్పానని, వాళ్ళు వినలేదని అన్నాడు. గాజులతను సాయిబు కబురు చెబితే వచ్చానని ఆమె అనింది. అక్క ఊళ్ళో ఇడ్లీ కొట్లో పని దొరికిందని, ఇంత తింటున్నానని చెప్పింది. హాస్టలు పోతే పోయిందిలే అనింది.

"ఒక్కటే మరుపు రాలేదు నాయనా. నేను మూట పట్టుకుని గేటు దాటుతుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి పక్కకి జరిగి ముక్కు మూసుకునింది. జొరమొస్తే నా పక్కలో పడుకున్న పిల్ల. నా దగ్గర పోపు వాసన తప్ప ఇంకేం వాసన ఉంటుంది?"

పొట్లం కొంగున ముడేసుకుని లేచింది. చెప్పుల చప్పుడు వరండా దాటి, మెట్లు దిగి, వీధిలో కలిసిపోయేదాకా పెంచలయ్య వింటూనే ఉన్నాడు.

సాయిబు కల్వం పక్కకి జరిపి, చేతులు తుడుచుకున్నాడు.

"కలిగిరిలో కొట్టు పెట్టుకుంటానంటివే. పోయి చూసుకో అబ్బయా."

పెంచలయ్య పరదా తాడు ఒక పక్క వదులైతే లేచి గట్టిగా ముడేశాడు. మళ్ళీ వచ్చి తన చోట కూర్చున్నాడు.

"ఇంకొన్నాళ్ళు పోనీ అయ్యా" అన్నాడు.