నేర్పిన మాటే పలికే చిలక

రండర్రా, కూర్చోండి. ఆడపిల్లలు ముందుకు రండి. ఏయ్ వరాలూ, ఆ మూలకి పోయావేం? ఆ గుప్పిట్లో ఏమిటే? ఏం లేదూ? సరే, విను.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కూతుళ్ళు. పెద్దది గంధవతి, నడిపిది హేమవతి, కడగొట్టుది ఇందువదన. రాజు మంచివాడే గానీ, ఆ ఊళ్ళో ఒక పాడు ఆచారం ఉండేది. పిల్లల్ని ఎత్తుకుపోయే ఒక మాంత్రికుడి ఊసొస్తే చాలు, పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని బయటికి పంపేసి తలుపేసుకునేవారు. "వింటే జడుసుకుంటారు" అనేవారు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది! వాడెత్తుకుపోయేది ఆ పిల్లల్నే, ఏమీ తెలియనిదీ ఆ పిల్లలకే.

ఏటా ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేనివేళ ఒక పల్లకీ వచ్చేది. మోసే బోయీలకు నీడ ఉండేది కాదు. పల్లకీ తెరలు కదిలేవి కావు. పైన పచ్చటి చిలక ఒకటి కూర్చుని, "పగడాల దీవి రాణికి చెలికత్తెలు కావాలి. పట్టుచీరలు, ముత్యాల పేర్లు! ఇంట్లో చెప్పకు, వద్దంటారు" అనేది.

ఒక ఏడు గంధవతి ఎక్కింది. మరుసటి ఏడు హేమవతి ఎక్కింది. ఎందుకెక్కిందీ? మాంత్రికుడు లాక్కున్న గంధవతి గొంతుతో చిలక పిలిచింది మరి! రాజు ఆ చిలక మీద బాణం ఎక్కుపెట్టి కూడా, కూతురి గొంతు విని చేతులాడక దించేశాడు.

మూడో ఏడు ఇందువదనకి పధ్నాలుగు నిండాయి. ఆ పిల్ల దాది మంగమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"దాదీ, మా అక్కలేమయ్యారు?"

"వద్దమ్మడూ, భయపడతావు."

"చెప్పకపోతే నేనూ పోతాను గదా!"

మంగమ్మ గొల్లుమంది. "అక్కడ రాణీ లేదు, పట్టుచీరలూ లేవు తల్లీ. వచ్చేపోయే మగవాళ్ళకి ఆ మాంత్రికుడు ఆడపిల్లల్ని అమ్ముకుంటాడు. నా స్నేహితురాలు పైడి తప్పించుకొచ్చి చెప్పింది. ఊరు దాన్నే తప్పుపట్టి నోరు మూయించింది. ఇదీ విను. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. నేర్పిన మాట కాక, సొంత మాట ఒక్కటి పలికిందా, వాడి పని అయిపోయినట్టే."

ఆ మధ్యాహ్నం పల్లకీ రాగానే ఇందువదన తల్లి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మా, నేను చిలకతో మాట్లాడాలి. నువ్వు గుమ్మంలో నిలబడు" అని చెప్పి వీధిలోకి వెళ్ళింది.

"రావే చెల్లీ" అంది చిలక, అచ్చం గంధవతే.

"రాణి ఏం పని చేయిస్తుంది?"

"పట్టుచీరలు, ముత్యాల పేర్లు!"

"అక్కణ్ణించి తిరిగొచ్చిన పిల్ల ఒక్కర్తె పేరు చెప్పు."

"పట్టుచీరలు, ముత్యాల పేర్లు!"

"ఇంట్లో చెబితే ఏమవుతుంది?"

చిలక రెక్కలు టపటప కొట్టుకుంది.

"నేను చెప్పే వచ్చాను. అదిగో అమ్మ!"

గుమ్మంలోంచి తల్లి, "గంధా! నా తల్లీ!" అని పిలిచింది. చిలక గుమ్మం వైపు తల తిప్పింది. "అమ్మా! చెల్లిని ఎక్కనియ్యకే!" అని కేకపెట్టింది.

పల్లకీలోంచి మాంత్రికుడి అరుపు. తెర తీస్తే పిడికెడు బూడిద. బోయీలు ఎండలో కరిగిపోయారు.

చిలక దారి చూపిస్తే రాజు ఓడలు ఏడు సముద్రాలు దాటాయి. దీవిలో పిల్లలు గోడకేసి చూస్తూ వరసగా కూర్చున్నారు, ఎవరికీ తమ పేరు గుర్తులేదు. ఇందువదన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిస్తే ఒక్కొక్కరే తిరిగి చూశారు. గంధవతిని పిలవగానే చిలకలోని గొంతు ఆమెకి తిరిగొచ్చింది. హేమవతి తండ్రి ముఖం చూడలేక, "తప్పు నాదే కదా నాన్నా?" అంది.

రాజు నేలమీద కూలబడ్డాడు. "కాదమ్మా. వాడిది. తెలిసీ మీకు చెప్పకుండా దాచిన నాది."

అందరూ ఇల్లు చేరారు. పైడిని పల్లకీలో తెచ్చి సభలో కూర్చోబెట్టి, ఊరంతా ఆమె చెప్పింది వింది. ఇందువదన చదువుకుని, ఈడొచ్చాక, తనకి నచ్చినవాణ్ణి పెళ్ళాడి చాలా ఏళ్ళు రాజ్యమేలింది. ఆవిడ పాలనలో ఈ కథ చెప్పేటప్పుడు ఎవరూ తలుపు వేసుకోలేదు.

అయ్యో వరాలూ, ఏడుస్తున్నావేమే? ఇలా రా, నా ఒళ్ళోకి. గుప్పిట తెరువు. ఎంత బాగుందో ముత్యాల పేరు! ఎవరిచ్చారమ్మా? ఇంట్లో చెప్పొద్దన్నారా? చెప్పు తల్లీ. తప్పు నీది కాదు.