వల రెండు కొసలు

లక్షా ఎనభై వేలు. నిఖిలేశ్ సొంతంగా కంప్యూటర్ల పని మొదలుపెట్టిన నాడు చేతిలో ఉన్నది అంతే. ఏడాది తిరక్కుండానే ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ అతణ్ణి పిలిచింది. అక్కడ చెరువులకు ఒక సాఫ్ట్‌వేర్, కోల్డ్ స్టోరేజీకి ఒకటి, షిప్పింగ్‌కు ఇంకొకటి. ఒక్కోదానికి ఒక మేనేజరు. ఆ మూడింటినీ కలిపి ఒకే తెర మీద చూపించాడు. కిలో తేడా లేకుండా లెక్క సరిపోయింది. అయినా చెరువుల్లో రొయ్యలు ఎప్పుడు పట్టాలో ముగ్గురు మేనేజర్లూ తేల్చలేదు. ఎవరి గదిలో వారు అదే తెర చూస్తూ, పక్కవాళ్ళు చెబుతారులే అని కూర్చున్నారు. మర్నాడు సాయంత్రంలోగా తేలకపోతే అతని పని రద్దు అని కంపెనీ చెప్పేసింది.

తెల్లవారుతుండగా ఉప్పాడ తీరంలో తన గురువు దామోదరం మాస్టారిని పట్టుకున్నాడు.

"ముగ్గురికీ ఒకటే కనిపిస్తోంది కదా మాస్టారూ! మరి కలిసి ఎందుకు తేల్చుకోరు?"

మాస్టారు సముద్రం వైపు చెయ్యి చూపారు. సముద్రమేదో ఆకాశమేదో తెలియని మంచు. ఆ మంచులో జాలరులు అలివి వల లాగుతున్నారు. వల నీళ్ళలో ఉంది, దాని రెండు తాళ్ళు ఒడ్డున బాగా ఎడంగా రెండు గుంపుల చేతుల్లో ఉన్నాయి. శిష్యుణ్ణి ఈ తాడు దగ్గర వదిలి, మాస్టారు పంచె ఎగ్గట్టి ఆ తాడు వైపు నడిచి మంచులో కరిగిపోయారు.

నిఖిలేశ్ కాళ్ళు ఇసుకలో దిగేసి బలంకొద్దీ లాగాడు. వెనకనుంచి జాలరి నూకరాజు పకపకా నవ్వాడు.

"లాగితే సరిపోద్దా బాబూ? లాగుతా పక్కకి నడవాల! నువ్విక్కడే పాతుకుపోతే వల మూతి ఎప్పుడు మూసుకుంటది? చేపలు నీకు టాటా చెప్పి పోతాయి."

అడుగు పక్కకు వేశాడు. మరో అడుగు వేశాడు. మంచులోంచి ముందు కేకలు వచ్చాయి, తర్వాత నీడలు, ఆ తర్వాత మనుషులు. వాళ్ళలో తడిసిన పంచెతో మాస్టారు. రెండు గుంపులూ భుజాలు రాసుకునేంత దగ్గరయ్యాక చేపలతో నీళ్ళు ఒక్కసారిగా వెండిలా ఎగసిపడ్డాయి.

"నీ తెరతో ఆ ముగ్గురికీ తాళ్ళు బాగానే కట్టావోయ్," అన్నారు మాస్టారు రొప్పుతూ.

నిఖిలేశ్ తాడు వదిలేసి, దగ్గరికొచ్చిన రెండు గుంపుల వైపు చూశాడు.

"మూడు గదుల్లోనూ తెరలు ఆపేస్తాను మాస్టారూ. చెరువు గట్టు మీద షెడ్డులో ఒక్కటే పెడతాను. ఇప్పుడే ముగ్గురినీ రమ్మంటాను," అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

"ఫోనులోనా? ఇక్కడే నిలబడా?" అన్నారు మాస్టారు.