సొరబుర్ర పక్కన నిలబడ్డవాడు

కొమ్మన గుండెలో ఎప్పుడూ ఓ నిప్పు రగులుతుండేది. దాని పేరు ఓబన్న.

ఇద్దరూ భైరప్ప ఒజ్జ దగ్గర వేట విద్య నేర్చుకుంటున్నారు. ఒజ్జ ముసలివాడయ్యాడు. అడవి అంచున ఉన్న ఆయన గుడిసెలో ఒక కొమ్ము విల్లు దూలానికి వేలాడుతుండేది. వానలు పడేలోగా అది ఇద్దరిలో ఒకరికి దక్కుతుంది. దక్కినవాడే ఆ తర్వాత కొండకింది ఊళ్లకు వేటపెద్ద.

లెక్క ప్రకారం అది కొమ్మనదే. ఎన్ని బారల దూరానికి విల్లు ఎంత ఎత్తాలో, పక్కగాలికి ఎన్ని వేళ్లు జరపాలో అతనికి నోటి లెక్క. నూరు బారల అవతల ఉన్న సొరబుర్రను కొట్టగలడు. ఓబన్న నలభై బారలు దాటితే చెట్టును కూడా కొట్టలేడు.

అయినా ఒజ్జకు ఓబన్నంటేనే ఇష్టం. వాడు పొద్దున్నే పోయి, మొహానికి గాలి తగిలేటట్టు చూసుకుని, పొట్ట మీద పాకుతూ మేసే మెకం దగ్గరికి చేరేవాడు. చాలాసార్లు బాణం వదలకుండానే తిరిగొచ్చేవాడు.

"చెవులు నావైపు తిప్పింది అయ్యోరూ. ఉరుకుతుందనిపించింది, వదల్లేదు" అనేవాడు.

ఒజ్జ తల ఊపి, వాడి సంకటిలో వెన్న వేసేవాడు.

"ఉత్త చేతులతో వచ్చినోడికి వెన్న. కొట్టుకొచ్చినోడికి మజ్జిగ" అని కొమ్మన పళ్లు నూరేవాడు.

"నా వెన్న నువ్వే తీసుకో అబ్బీ" అనేవాడు ఓబన్న. దాంతో కొమ్మనకు ఇంకా మండేది.

వేసవి చివర ఒక మధ్యాహ్నం, వాగు అవతలి గట్టున కొమ్మనకు పెద్ద కణితి దుప్పి కనబడింది. తల వంచి మేస్తోంది. దగ్గరికి పోవాలంటే వాగులో తుప్పల చాటుంది, గాలి కూడా అనుకూలంగానే ఉంది. కానీ కొమ్మన దూరం చూశాడు. ఇంత దూరాన్నించి మెకాన్ని కొట్టినవాడు ఈ అడవిలో లేడు. ఓబన్న కలలో కూడా కొట్టలేడు.

విల్లెత్తి వదిలాడు.

బాణం గాల్లో ఉండగా అలవాటు కొద్దీ మనసులో లెక్కపెట్టాడు. రెండు దగ్గర కణితి ఒక అడుగు ముందుకు వేసింది. నాలుగు దగ్గర బాణం దిగింది. ముందుకాలి వెనక దిగాల్సింది, కడుపులో దిగింది. కణితి ఒక్క ఎగురు ఎగిరి, బాణంతోనే పొదల్లోకి ఉరికింది.

గాయపడ్డ మెకం వెంట పోవాలి. అది నేలకొరిగేదాకా వేటగాడు ముద్ద ముట్టకూడదు. శిష్యుడిగా చేరిన రోజే ఒజ్జ చెప్పే మాట అది. కొమ్మన నెత్తుటి చుక్కలదాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. నడుముకున్న తాడు విప్పి, వెనక్కి తిరిగి, తాను నిలబడ్డ చోటిదాకా కొలుచుకుంటూ వచ్చాడు. కొలవకపోతే ఓబన్న నమ్మడు.

"నూట పన్నెండు బారలు అయ్యోరూ!" ముడులు వేసిన తాడును గుడిసె ముందు పడేశాడు. "కణితి. తగిలింది."

ఒజ్జ తాడు వంక చూశాడు. "కొలత తెచ్చావు. కణితి ఏది?"

"పొదల్లోకి పోయింది. ఈపాటికి పడిపోయుంటుంది."

సంకటి తింటున్న ఓబన్న చెయ్యి ఆపాడు. "వదిలినప్పుడు దాని చెవులు ఎటున్నాయి అబ్బీ?"

"అంత దూరం నుంచి చెవులు ఎవడికి కనబడతాయిరా? కుళ్లు నీకు, కుళ్లు!"

 ఒజ్జ లేచి, చూరులోంచి ఎండిన సొరబుర్ర తీసి ఓబన్నకిచ్చాడు.

"బయలు చివర గుంజకు కట్టు. కట్టి, పక్కనే నిలబడు. జానెడు ఎడం చాలు."

తర్వాత లోపలికెళ్లి కొమ్ము విల్లు దించి తెచ్చాడు. కొమ్మన చేతిలో పెట్టాడు.

"ఇక్కణ్నించి బుర్రను కొట్టు. ఈ విల్లు నీది."

కొమ్మన బుర్ర వంక చూశాడు. నూరు బారలు. ఎన్నోసార్లు కొట్టిన దూరమే. గాలి చూసుకున్నాడు, విల్లెత్తాడు. గుంజ పక్కన ఓబన్న బొటనవేలంత ఉన్నాడు. ఉన్నట్టుండి మెడ గోక్కున్నాడు.

"కదలకురా!" అని కేకేశాడు కొమ్మన.

"చీమలు కుడుతున్నాయి అబ్బీ!"

కొమ్మన విల్లు దించాడు. కొంత దూరం ముందుకు నడిచాడు. మళ్లీ ఎత్తాడు. బాణం చేరేలోపు వీడు ఒక్క అడుగు పక్కకు వేస్తే? దించాడు. వెనక ఒజ్జ చూస్తున్నాడని తెలుసు. ఒక్కో అడుగుకూ విల్లు తనది కాకుండా పోతోందనీ తెలుసు. అయినా నడిచాడు. ఓబన్న మొహం కనబడింది. గడ్డానికి అంటిన సంకటి కనబడింది. చెవులు కనబడ్డాయి.

అప్పుడు వదిలాడు. బుర్ర రెండుగా పగిలింది.

ఒజ్జ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. కొమ్మన కాలివేళ్ల ముందు చేతికర్రతో మట్టిలో ఒక గీత గీశాడు.

"వీడంటే నీకు పడదు. అయినా వీడి కోసం ఇక్కడిదాకా నడిచావు" అన్నాడు. "ఆ కణితి నీకేం చేసిందిరా?"

కొమ్మన వంగాడు. కొమ్ము విల్లును గీత పక్కన పెట్టాడు. గుడిసె దగ్గరున్న తన విల్లు తీసుకుని వాగు వైపు నడిచాడు. ఇంకా వెలుగుంది.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది.

"నువ్వెందుకురా? పోయి సంకటి తిను."

"సగం తిన్నాలే" అన్నాడు ఓబన్న. "నెత్తుటి జాడ నాలుగు కళ్లకు బాగా కనబడుతుంది."



"సరే, రా. ముందు మాత్రం నేనే నడుస్తా. ఆ దెబ్బ నాది."