బండ మీద చింతపండు ముగ్గు

దుప్పటి లాక్కున్నావా బుజ్జీ? అయితే విను. అనగనగా రాళ్ళ గనుల పక్కన ఒక ఊళ్ళో ఓబులమ్మని ఒక కొత్త కోడలు ఉండేది. కాపురానికొచ్చి నెల కూడా కాలేదు. వాళ్ళ అత్త మద్దిలేటమ్మ చెడ్డది కాదు గానీ, నోరారా ఒక మంచిమాట అనడం చేతకాని మనిషి. ఆ నోట "మా కోడలు" అనిపించుకోవాలని ఈ పిల్ల తాపత్రయం.

ఆ ఇంటి గడప ముందు ఒక నల్లటి నాపబండ ఉండేది. మామ దాన్ని గని నుంచి తెచ్చి, తన చేత్తో అరగదీసి, నున్నగా చేసి పెళ్ళాం కోసం పరిచాడు. మద్దిలేటమ్మ రోజూ పొద్దున్నే అందులో ముఖం చూసుకుని బొట్టు దిద్దుకునేది. ఎంత మురిపెమో!

ఒకరోజు అత్త చేనికి పోయింది. అప్పుడు ఓబులమ్మ చిలుము పట్టి పచ్చబడ్డ రాగిబిందెను చింతపండుతో తోమింది. తళతళలాడింది. ఆ తర్వాత రాగిచెంబు తోమింది. అదీ తళతళలాడింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. బండ మధ్యలో కూడా చింతపండు పెట్టి రుద్దింది.

సన్నసన్నటి బుడగలొచ్చాయి. మురికి వదులుతోంది కాబోలని పిచ్చితల్లి ఇంకాస్త రుద్దింది. కడిగి చూస్తే ఏముంది, నలుపూ పోయింది, నునుపూ పోయింది. చేటంత మచ్చ తేలింది.

అప్పుడు నీళ్ళు పోసింది. తడి ఆరగానే మచ్చ మళ్ళీ కనబడింది. ఆ తర్వాత నూనె రాసింది. దానికీ లొంగలేదు. ఆ తర్వాత కొంగు పరిచి మచ్చ మీదే కూర్చుంది. అంతకన్నా ఏం చేస్తుంది పాపం!

సాయంత్రం అత్త వచ్చింది. "లెయ్, ఏం దాచిపెట్టినావే?" అంది. ఓబులమ్మ లేచింది. మచ్చ చూడగానే అత్త ముఖం చిన్నబోయింది.

"బిందె మాదిరే మెరుస్తాదనుకుంటి అత్తా," అని కోడలు బావురుమంది.

"బిందెకు చిలుము పైన పట్టింటాది. పులుపు దాన్ని తినేస్తే కింద రాగి ఉంటాది. ఇది అట్ల కాదే, సున్నపురాయి జాతి. పులుపు తగిల్తే రాయే కరిగి, బుడగలై గాల్లో కలిసిపోతాది. పోయింది మళ్ళా రాదు," అంది అత్త.

అని, బండ చుట్టూ ఒకసారి తిరిగింది. ఏమనుకుందో ఏమో, "మిగిలిన చింతపండు పట్టుకురాపో," అంది. గుడ్డపేలికను పులుసులో ముంచి మచ్చ అంచున ఒక రేకు గీసింది. "ఊరికే చూస్తావేంది, నువ్వూ గీయి," అంది. ఇద్దరూ కలిసి చుట్టూ రేకులు గీశారు. పులుపు తిన్నచోటల్లా గీత తెల్లగా తేలింది. కడిగేసరికి బండ మీద పెద్ద తామరపువ్వు, దాని నడుమ మచ్చ.

మర్నాడు పక్కింటామె నీళ్ళకు పోతూ ఆగింది. "ఇదేం ముగ్గమ్మా, చీపురేసినా పోయేట్టు లేదే!" అంది.

మద్దిలేటమ్మ బండలోకి వంగి చూసింది. ముఖం కనబడలేదు. కుంకుమ భరిణె ఓబులమ్మ చేతిలో పెట్టి, బొట్టు పెట్టమని ముఖం పైకెత్తి కూర్చుంది.

"పోదు. మా కోడలు పెట్టింది," అంది.

కథ కంచి దారి పట్టింది, మన కంటికి కునుకు పట్టింది.