నలభై పరుపులూ, వేలాడే వీరుడూ

మా వీధిలో తెలివితేటలన్నీ ఒక్క ఇంట్లోనే కుప్పపడ్డాయి. ఇది నేనంటున్న మాట కాదు, ఆ ఇంటివాళ్ళే అంటారు. పరుపులు కుట్టే పానకాలు, అతని పెళ్ళాం తిరపతమ్మ, తమ్ముడు వీరాస్వామి. పొద్దున్నే కొట్టు ముందు నీళ్ళు చల్లుతూ తిరపతమ్మ వీధంతా వినేట్టు చెబుతుంది. "మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళేగానీ, సొంత పైత్యం కలిపేవాళ్ళు లేరమ్మా!"

నిజమే, కాదనను. ఆ మధ్య ఒకాయన దిండు కొని, "కాస్త పట్టుకోవయ్యా, ఆటో తీసుకొస్తా" అని వెళ్ళాడు. ఆటో దొరక్క బస్సెక్కి ఊరెళ్ళిపోయాడు. అంతే, పానకాలు రెండు రోజులు ఆ దిండు పట్టుకుని నిలబడ్డాడు. తిరపతమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. వీరాస్వామి ఈగలు తోలాడు. మూడోరోజు ఆయనొచ్చి దిండు తీసుకుంటే, ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

ఇలాంటివాళ్ళకి ఎవరైనా పని చెబుతారా? ప్రభావతి మేడమ్‌కి చెప్పక తప్పలేదు పాపం. ఆవిడ మా ఊరి ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. వానలకి కప్పు కారి అక్కడి పాత పరుపులన్నీ కుళ్ళిపోయాయి. నలభై మంది పిల్లలు మార్గశిర మాసపు చలిలో, వట్టి గచ్చు మీద గోనెపట్టాలు పరుచుకుని దగ్గుతున్నారు. ఊళ్ళో పరుపుల కొట్టు ఇదొక్కటే.

"శుక్రవారానికల్లా నలభై పరుపులు కావాలి పానకాలూ. పిల్లలకి చలికి నిద్రే ఉండటంలా" అందావిడ.

పని మాత్రం బాగా చేస్తారు, అది ఒప్పుకోవాలి. బుధవారం సాయంత్రానికి నలభై పరుపులూ కుట్టి గోడకి చేర్చారు. ఇక బండిలో వేసి పంపటమే మిగిలింది.

సరిగ్గా ఆ సాయంత్రమే ఆ దిక్కుమాలిన జపాను బొమ్మల సీరియల్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. అనిమే అంటారట. పేరు మేఘఖడ్గం. తెలుగులో మాటలు చెప్పించి వేస్తే పిల్లా పెద్దా పిచ్చెక్కి చూశారు. అందులో మినోరు అనే కుర్రాడు ఇరవయ్యారు వారాలు కత్తి పట్టుకుని రాక్షసుల వెంట తిరిగాడు. ఆఖర్న కొండ అంచు పట్టుకుని ఒంటి చేత్తో వేలాడాడు. కింద వెయ్యి అడుగుల లోయ. పైన నిప్పులు కక్కే కత్తితో విలన్. వాడి కాలు మినోరు వేళ్ళ మీదికి దిగుతోంది. అంతే, తెర నల్లబడింది. "రెండో భాగం కావాలా, వద్దా? మీరే చెప్పండి" అని అక్షరాలు పడ్డాయి. కింద ఫోన్ నంబరు.

కథ ముగించటం చేతకానివాళ్ళు చేసే పని ఇది. పిల్లాణ్ణి కొండకి వేలాడదీసి జనంతో బేరం పెట్టటం. మామూలు జనమైతే నాలుగు తిట్లు తిట్టి అన్నాలకి లేస్తారు. మనవాళ్ళు మామూలు జనమా?

"కావాలి! ఆ విలన్‌గాణ్ణి నరకొద్దూ?" అన్నాడు వీరాస్వామి.

"వద్దు" అంది తిరపతమ్మ. "ఇన్ని వారాల్నుంచి చూస్తన్నా, ఆ బిడ్డ ఒక్క పూట కడుపునిండా తిన్నది లేదు, ఒక్కసారి నీళ్ళు పోసుకున్నది లేదు. ఇంటికి పోనీండి. వాళ్ళమ్మ ఎదురుచూడదంటయ్యా?"

"వద్దంటే లోయలో పడతాడు వదినా!"

"కావాలంటే మళ్ళీ తన్నులు తింటాడుగా!"

ఇంటికి పెద్ద కాబట్టి పానకాలు ఆ నంబరుకి ఫోన్ చేశాడు. అవతల రికార్డు చేసిపెట్టిన ఆడగొంతు. "రెండో భాగం తయారు కావటానికి ఏడాదిన్నర పడుతుంది. కావాలంటే ఒకటి నొక్కండి. వద్దంటే రెండు నొక్కండి."

"నొక్కటం సంగతి తర్వాత చూద్దాం అమ్మాయ్. ఏడాదిన్నర దాకా ఆ పిల్లాడు ఒంటి చేత్తోనే ఉండాలా?"

"కావాలంటే ఒకటి నొక్కండి."

"మరి అన్నం ఎవరు పెడతారు?"

"వద్దంటే రెండు నొక్కండి."

"మనిషి కాదు ఇది, రాయి" అని పానకాలు ఫోన్ పెట్టేశాడు. "వీళ్ళని నమ్ముకుంటే పిల్లాడు దక్కడు. మనమే చూసుకోవాల."

ఇంకేముంది! పరుపులవాళ్ళ ఇంట్లో ఒక బిడ్డ పడి నడుం విరగ్గొట్టుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలరా? ముగ్గురూ కలిసి నలభై పరుపులూ టీవీ కింద పేర్చారు. పేరిస్తే టీవీయే మునిగిపోయింది. దాన్ని ఊడబీకి అటక దూలానికి తాళ్ళతో కట్టారు. ఆపితే మినోరుకి చీకటవుతుందని ఆపనూ లేదు. తెర మీద వార్తలొచ్చాయి, వంటలొచ్చాయి, సబ్బులొచ్చాయి.

"వాడు వీళ్ళందరి వెనకాల ఉన్నాడు. అడ్డమొచ్చి కనపట్టంలా" అంది తిరపతమ్మ.

గురువారం పొద్దున వీరాస్వామికి ఒక ఆలోచన వచ్చింది. వాడికి ఆలోచన వచ్చిందంటే నాకు గుండె దడ. అటకెక్కి పరుపుల మీదికి ఒక కోడిగుడ్డు జారవిడిచాడు. పగిలింది.

"అటక మీంచి పడితేనే ఇట్టాగుంటే, వెయ్యి అడుగుల మీంచి పడితే ఏం మిగులుద్ది అన్నా?"

"కుట్టు వేస్తే దూది బిగుసుకుంటది. విడి దూదైతే మెత్తన" అన్నాడు పానకాలు.

అంతే. కత్తెరలు తీసుకుని నలభై పరుపుల పొట్టలూ చీల్చారు. మధ్యాహ్నానికి ఇంట్లో దూది నడుం లోతున ఉంది. అందులో నిలబడి తిరపతమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, ఆ విలన్ కత్తిలోంచి నిప్పులు కారతయ్యిగా! దూది అంటుకుంటే బిడ్డ మాడిపోడూ?"

ఇంకేముంది! బిందెలతో నీళ్ళు తోడి దూదంతా తడిపారు. బాగా ఇంకాలని తొక్కారు కూడా. సాయంత్రానికి అలిసిపోయి, మంచి పని చేసినవాళ్ళ మొహాలతో అరుగు మీద కూర్చున్నారు. అవతల హాస్టల్లో పిల్లల దగ్గు మా ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం పొద్దున ప్రభావతి మేడమ్ బండి తోలించుకుని వచ్చింది. లోపలికి తొంగి చూసి, గుప్పెడు తడి దూది ఎత్తి పిండింది.

"నా పరుపులేవి?"

"ఇయ్యే మేడమ్. ఆ పిల్లాడు ఇట్టా పడంగానే అట్టా కుట్టి పంపిస్తాం. ఏడాదిన్నరేగా" అన్నాడు పానకాలు.

సంగతంతా విని ఆవిడ శివమెత్తిపోయింది. "బుద్ధుందా మీకు? వాడు మనిషి కాదు, బొమ్మ! గీసేవాడు లోయలో పడేస్తే పడతాడు, పరుపు మీద పడుకోబెడితే పడుకుంటాడు. పరుపు కావాలంటే వాళ్ళే గీసుకుంటారు. మీ దూది ఎందుకయ్యా? నా పిల్లలు చలికి చస్తున్నారు. సాయంత్రంలోగా నలభై పరుపులు హాస్టల్లో లేకపోతే మీ సంగతి చెబుతా!" అని, ఈలోగా దుప్పట్లయినా ఎవరినన్నా అడుగుదామని వెళ్ళిపోయింది.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఇంత సులువని ముందే చెప్పొచ్చుగా ఈవిడ!" అన్నాడు పానకాలు.

సాయంత్రం హాస్టల్ హాల్లో గచ్చు మీద నలభై పరుపులు ఉన్నాయి. సుద్దముక్కతో గీసినవి. ఒక్కోదానికి దిండు, అంచున కుట్టు. తిరపతమ్మ అయితే కాళ్ళ వైపు పూలు కూడా వేసింది.

"చెప్పులు విప్పి ఎక్కండమ్మా, కొత్త పరుపులు" అన్నాడు పానకాలు.

దీవెన అనే చిన్నపిల్ల దగ్గుకుంటూ వెళ్ళి ఒకదాని మీద పడుకుంది. "గచ్చులాగే ఉంది పెదనాన్నా. చలేస్తంది."

"ఉంటది తల్లీ. ఇది మొదటి భాగమేగా. మెత్తదనం రెండో భాగంలో వస్తది. కావాలా వద్దా? మీరే చెప్పండి. కావాలన్నోళ్ళు చేతులెత్తండి."

నలభై మంది వణుకుతూ చేతులెత్తారు. అప్పుడే ప్రభావతి మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. గచ్చు చూసింది. చేతులు చూసింది. మూలనున్న చీపురు తీసి, పళ్ళు కొరుకుతూ పైకెత్తింది.

వీరాస్వామి మొహం వెలిగిపోయింది. "రాసుకో అన్నా, నలభై ఒకటి. మేడమ్‌క్కూడా కావాలంట!"