ఏడుపు ఎక్కడొస్తదో చెప్పే పిల్ల

మా అంబుబాయి టీచర్‌కు ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న పట్టుకొని ఇంటికి వస్తే, జవాబు చెప్పే ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇస్తుంది. ఒలవడానికి వెల్లుల్లి, ఏరడానికి బియ్యం, ఏమీ లేకపోతే చిక్కుపడ్డ దారపుండ. ఉత్త చేతులతో కూర్చున్నవాళ్లకు చెవులు పనిచేయవని ఆమె నమ్మకం. ఆమె ఉద్యోగం విరమించి చాలా ఏళ్లయింది. అయినా ఆమె దగ్గర చదువుకొని పంతుళ్లమైన మేము ఆదివారం వస్తే కోరుట్లలోని ఆ ఇంటి అరుగు మీదికి చేరుతూనే ఉంటాం. "మీ ఇంట్ల తిన్న ఉప్మా కంటే ఒలిచిన ఎల్లిగడ్డలే ఎక్కువ టీచర్" అని నేనొకసారి అంటే, "తిన్నది మర్చిపోయి ఒలిచింది యాది పెట్టుకున్నవా, సిగ్గులేనోడా" అని తిట్టింది.

ఆ ఆదివారం రజిత వచ్చింది. మా అందరిలో చిన్నది. ఊరి బయట ఇటుక బట్టీల పక్కనున్న బడిలో కొత్తగా చేరింది. ముఖం వాడిపోయి ఉంది. టీచర్ ఏమైందని కూడా అడగకుండా చిక్కుడుకాయల చాట తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది.

"రేపటి నుంచి బడిల పుస్తకాల బీరువాకు తాళం వేస్తున్న టీచర్," అంది రజిత. "మా తరగతిల మైసమ్మ అని ఒక పిల్ల ఉన్నది. పాలమూరు దిక్కు నుంచి వచ్చి వాళ్లమ్మ బట్టీల పనిచేస్తది. పుస్తకమిస్తే ఆ పిల్ల అన్నం మాట మర్చిపోతది. నిన్న వాళ్లమ్మ ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. 'ఇది పట్టుకొని కూసుంటే ఇటుకలు ఎవలు తిప్పాలె మేడం? బట్టీ పిల్లకు కథలెందుకు?' అని పిల్లను తోల్కపోయింది. ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది? పుస్తకం మీద ఇష్టం కడుపు నింపుతదా? మీరే చెప్పుండ్రి."

"ముందు నార సరిగ్గ తియ్యి," అంది టీచర్. ఆ తర్వాత, ఆ ప్రశ్నకు ఏ సంబంధమూ లేనట్టుగా, తన చిన్ననాటి సంగతి ఒకటి మొదలుపెట్టింది.

అప్పట్లో వాళ్ల వాడలో అరుగులన్నీ బీడీల అరుగులే. పొద్దున్నే ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకొని వరుసగా కూర్చునేవారు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల చప్పుడు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే తాను ఏడో తరగతి పిల్లనైపోతానని చెప్పింది టీచర్. ఆమె నాన్న మగ్గం పనికి భీవండి పోయి జబ్బుపడ్డాడు. ఇల్లు గడవాలంటే తల్లి నర్సవ్వ చేతులే దిక్కు.

ఆ అరుగు మీద ఒక పద్ధతి ఉండేది. అప్పటికి అందరికీ అంబు అయిన టీచర్, గ్రంథాలయం నుంచి అట్ట ఊడిన నవలలు తెచ్చి పైకి చదివేది. చదివే పిల్ల బీడీలు చేయలేదు కదా! అందుకని తలా ఇన్ని చుట్టి ఆమె వంతు చాటలో వేసేవారు. అక్షరం రాని ఆ ఆడవాళ్లు కథలోని మనుషులను పక్కింటివాళ్లలాగే తిట్టేవారు, దీవించేవారు. "వాడు మంచోడు గాదే, ఆ పిల్లకు ఎవలన్న చెప్పుండ్రి" అని ఎంకవ్వ అనే ముసలావిడ కత్తెర ఎత్తేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. కథలో దుఃఖం వచ్చిన రోజు చేతులు వదులయ్యేవి. బీడీలు లొడలొడలాడేవి. నవ్వొచ్చిన రోజు ఇంకా అన్యాయం, చాటలో తంబాకు ఎగిరి పక్కవాళ్ల కళ్లలో పడేది. బజారులో కట్టలు తీసుకునే టేకేదారు రాజలింగం ఒక్కో కట్ట నొక్కి చూసి, వదులుగా ఉన్నవన్నీ కింద పారేశాడు.

"ఏమైంది నర్సవ్వా, చేతులకు రోగమొచ్చిందా?"

నర్సవ్వ అబద్ధమాడటం చేతగాని మనిషి. "నిన్న కథల పెద్దకోడలు సచ్చిపోయింది పటేలా," అంది.

వరుసలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. రాజలింగం నవ్వలేదు. "బీడీలు చేసేటోళ్లకు కథలెందుకు? మీకు తెలివి చేతులల్ల ఉంటే చాలు. ఇంకోసారి ఇట్ల తెస్తే నీ కార్డు తీసి వేరేటోళ్లకిస్త," అన్నాడు. బీడీల పని ఇచ్చే ఆ కార్డు పోతే ఆకు లేదు, తంబాకు లేదు, ఇంట్లో పొయ్యి లేదు.

నర్సవ్వ ఇంటికొచ్చి బిడ్డ చేతిలోని నవల లాక్కొని అటక మీద పెట్టింది. కొత్త చాట, కత్తెర తెచ్చి ముందర పడేసింది. "రేపటి నుంచి బడి లేదు, కథ లేదు. నువ్వు కూడా చాట పట్టు," అంది. అంబు ఏడ్చింది. 

మర్నాడు అరుగు మీద కత్తెరల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నానికల్లా ఎంకవ్వకు పిచ్చెక్కినట్టయింది. "నర్సీ, వాన సూచన తెల్వక ఒడ్లు ఆరబోసినోళ్లు ఒడ్లను తిడితే ఏం లాభమే? ఏడుపొస్తదని ముందే ఎరుకైతే ఆ పూట చుట్టుడు పెట్టుకోకుంట ఆకు తుడిచి ఈనెలు తీద్దుము. ఈనెల మీద కన్నీళ్లు పడితే రాజలింగానికేం నొప్పి? ఈ పిల్ల ముందే చదువుకొని వచ్చి, ఎక్కడ ఏడుపో, ఎక్కడ నవ్వో మనకు చెప్పాలె."

నర్సవ్వ చేతిలోని కత్తెర కింద పెట్టింది. లేచి అటక మీద నుంచి నవల దించింది. బిడ్డ ముందున్న చాట తీసి గోడకు తగిలించింది. "పో, చదువు. సక్కగ చదువు. నువ్వు తప్పు చెప్తే మన కార్డు పోతది," అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చదువుడు కూడా ఒక పని అయింది. బడి నుంచి రాగానే అంబు ఒక మూలన కూర్చొని మర్నాటి కథంతా చదవాలి. ఎవరు ఎక్కడ ఏడుస్తారో, ఎందుకు ఏడుస్తారో ఊహించాలి. అంత జాగ్రత్తగా తర్వాత ఏ కాలేజీలోనూ చదవలేదని నవ్వింది టీచర్. కట్టలు మళ్లీ బిగువయ్యాయి. ఒకనాడు రాజలింగం కట్ట నొక్కుతూ నొక్కుతూ, అటూ ఇటూ చూసి మెల్లగా, "అయితే ఆ చిన్నకోడలు పుట్టింటికి చేరిందా, లేదా?" అన్నాడట. "నువ్వు ముందు కట్టలు సూడు పటేలా, తెలివి చేతులల్ల ఉంటే చాలు," అంది ఎంకవ్వ. అక్కడ నేనూ రజితా నవ్వు ఆపుకోలేకపోయాం.

"కాని ఒక్కనాడు నేను తప్పు చెప్పిన," అంది టీచర్.

ఆ పూట కథలో ఏమీ లేదు. చావు లేదు, కొట్లాట లేదు. అంబు ధైర్యంగా "ఇయ్యాల చుట్టుండ్రి" అని చెప్పి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ ఒక మామూలు వాక్యం దగ్గరికి వచ్చింది: తల్లి ఆ పిల్లకు జడవేసి, పలక చేతికిచ్చి, బడి మలుపు దాకా వచ్చి నిలబడింది.

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. అంబు తలెత్తి చూసింది. అరుగు మీద ఒక్క చెయ్యి కదలడం లేదు. ఎంకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సవ్వ తడి ఆకు చేతిలో పట్టుకొని వెక్కివెక్కి ఏడుస్తోంది. వాళ్లలో ఒక్కరిని కూడా చిన్నప్పుడు ఎవరూ అట్లా పలక ఇచ్చి బడికి పంపలేదు. ఆ రోజు చుట్టినవన్నీ వదులే. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. విప్పి, తంబాకు దులిపి, మళ్లీ మొదటి నుంచి చుట్టారు.

"అమ్మా, అక్కడ ఏడుపొస్తదని నాకు తెల్వలేదు," అని అంబు భయపడుతూ అంది.

నర్సవ్వ ముక్కు చీది, బిడ్డ తల మీద తంబాకు చెయ్యి పెట్టింది. "నీకెట్ల తెలుస్తది? నేను నీకు పలక కొనిచ్చిన గద. తెలిసేదాంక చదువు. నేను చుడుత."

టీచర్ అక్కడితో ఆపేసింది. నాకు కళ్లు నిండాయి, దాచుకోలేదు. రజిత ముక్కు ఎర్రబడింది. కొంగుతో తుడుచుకొని, "మరి మైసమ్మ వాళ్లమ్మకు నేనేం చెప్పాలె టీచర్?" అని అడిగింది.

టీచర్ మా మధ్యనున్న చాట తన వైపు లాక్కుంది. కాయలు సగం అట్లాగే ఉన్నాయి. రజిత చేతిలో సగం నార తీసిన చిక్కుడుకాయ ఎప్పటి నుంచో కదలకుండా ఉంది.

"చెప్పుడెందుకు బిడ్డా? నీ చెయ్యి కథల ఏ మాట కాడ ఆగిందో యాది తెచ్చుకో. ఆమె ఇటుకలు తిప్పుకుంట ఉంటది. పక్కన కూసొని, మైసమ్మ పుస్తకంల అసొంటి మాట ఎక్కడుంటే అక్కడి నుంచి చదువు."